రత్నం వైపు మూల

నేను ఒక పడవ టాపును. మోటారు బోటు మీద ఎండ పడకుండా పరిచే కిత్తాను గుడ్డని. నన్ను ఎత్తి పట్టుకోవడానికి మూడు స్టీలు గొట్టాలు ఉన్నాయి గానీ, వాటి గురించి ఎక్కువ చెప్పను. వంచితే వంగుతాయి, ఎత్తితే లేస్తాయి, అంతకు మించి వాటికి సొంత తెలివంటూ లేదు. జనం మమ్మల్ని కలిపేసి టాపు అంటారు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. తర్వాత అలవాటైపోయింది.

నా కింద కూర్చున్నవాళ్లంతా అబ్బ, ఎంత చల్లగా ఉందో అంటారు. నీడనివ్వడం గొప్ప విద్యేం కాదండీ. గోడా ఇస్తుంది, చెట్టూ ఇస్తుంది, ఆఖరికి ఆగిన లారీ కూడా ఇస్తుంది. నా విద్యంతా మడతలో ఉంది. పొద్దంతా ఎండలో పరుచుకుని ఉండి, సాయంత్రం గాలి లేచేసరికి గొట్టాల మధ్య నలగకుండా, చిరగకుండా ముడుచుకుని సంచిలో ఒదిగిపోవాలి. ఆ పని నా అంతట నేను చేసుకోలేను. రెండు పక్కలా ఇద్దరు మనుషులు నిలబడాలి. నా బతుకంతా ఆ ఒక్క సంగతి మీదే నడిచింది, ఆ ఒక్క సంగతితోనే ఆగిపోయింది.

నేను పుట్టింది పాలకొల్లులో, మీరావలీ సాయిబు గారి కొట్లో. లారీల పట్టాలు, రిక్షా టాపులు, పెళ్లిళ్ల షామియానాలు కుట్టే మనిషి ఆయన. కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, దారానికి మైనం రాసి రాసి, నా మూలలన్నిటికీ గుడ్డ మీద గుడ్డ వేసి గట్టిగా బిగించారు. అంతా బాగానే ఉంది గానీ, బోటు టాపు కుట్టడం ఆయనకి అదే మొదలు. ఎడమ పక్క వెనక మూలన నాలుగు వేళ్ల వెడల్పు గుడ్డ ఎక్కువ వదిలేశారు. పరిచినప్పుడు అది ఎవరికీ కనపడదు. మడిచినప్పుడే తెలుస్తుంది. సంచిలో ఇమడదు, జిప్పుకి అడ్డం పడుతుంది, పైగా వెక్కిరిస్తున్నట్టు బయటికి వేలాడుతుంది. పుట్టుకతో వచ్చిన అవకరం, ఏం చేస్తాం.

నన్ను కుట్టించుకున్నది రొయ్యల చెరువుల రంగరాజు గారు. ఆయనకి ఉన్నట్టుండి మోటారు బోటు మీద మనసైంది. బోటు కొన్నారు, నన్ను తొడిగించారు, బంధువులందరినీ ఎక్కించి గోదావరి మీద ఊరేగారు. నా కింద కూర్చుని కూడా నెత్తి మీద టోపీ తీసేవారు కాదు. నీడలో ఉన్నామన్న నమ్మకం కొందరికి ఎంతకీ కుదరదనుకుంటాను. ఆ మోజు తొందరగానే తీరిపోయింది. నన్ను మడవమని ఆయన పాలేళ్లకి పురమాయిస్తే, వాళ్లు మాసిన బట్టల మూట కట్టినట్టు కుక్కి, చెరువు గట్టు మీద షెడ్డులో పడేశారు. ఎలుకలు నాలో పిల్లల్ని పెట్టాయి. అవైనా నన్ను వాడుకున్నాయి కదా అని సరిపెట్టుకున్నాను.

అక్కణ్ణించి నన్ను బయటికి లాగింది నూకరత్నం చెయ్యి.

నూకరత్నం, ఆమె మొగుడు తాతారావు నరసాపురం మనుషులు. తాతారావు చిన్నప్పటి నుంచీ వలలు పట్టినవాడే. చేప పడటం తగ్గిపోయాక, అంతర్వేది దగ్గర అన్నాచెల్లెళ్ల గట్టు చూడ్డానికి వచ్చే యాత్రికులని నరసాపురం రేవు నుంచి పడవ మీద తిప్పుదామని రంగరాజు గారి బోటు కొన్నాడు. సముద్రం, గోదావరి కలిసే చోటుని అక్కడ అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. బోటుతో పాటు నేనూ వచ్చాను. రత్నం ఎలుకల గూడు దులిపి, నన్ను గట్టు మీద పరిచి, నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది.

"ఓరి దేవుడో, ఇదేం మడతయ్యా! రాజుగారింట్లో పట్టు చీరలు కూడా ఇలాగే కుక్కుతారా?"

"గుడ్డేగా రత్నం, ఎలా మడిత్తే ఏవైంది?" అన్నాడు తాతారావు.

"గుడ్డే. నీ పంచె కూడా గుడ్డే. మడత తెలీకుండా కట్టుకుని ఊళ్లోకి ఎల్లి సూడు."

నన్ను మనిషిగా గుర్తించిన మొదటి మాట అది. అప్పుడే ఆవిడకి పడిపోయాను.

మడతని ఆవిడే కనిపెట్టింది, ఎవరూ నేర్పలేదు. సాయంత్రం ఆఖరి ట్రిప్పు జనం దిగిపోగానే ముందు పక్క పట్టీల కొక్కేలు విప్పేవారు. ఎడమ వైపు రత్నం, కుడి వైపు తాతారావు. ఇద్దరూ ఒకే వేగంతో ముందు గొట్టాన్ని వెనక్కి తెచ్చేవారు. గొట్టాలు ఒకదానికొకటి దగ్గర పడుతున్నప్పుడు మధ్యలో నేను నలగకుండా చెరో అంచూ పట్టుకుని నన్ను బయటికి లాగేవారు. ఆ తర్వాత సాపుగా చేతులతో దువ్వి, మడత మీద మడత వేసి, పొడుగు సంచి తొడిగి జిప్పు లాగి, తాడుతో ముడి వేసేవారు. ముడి ఎప్పుడూ రత్నమే వేసేది. నా అవకరం ఉన్న మూల కూడా ఆవిడ వైపే వచ్చింది. మొదటి రోజు అది జిప్పులో ఇరుక్కుంటే మొగుడు కత్తి తీశాడు, కోసేద్దామని. ఆవిడ ఒప్పుకోలేదు. ఆ ఎక్కువైన గుడ్డని లోపలికి ఒకసారి తిప్పి, అడ్డంగా మడిచి, కిళ్లీ చుట్టినట్టు చుట్టి గొట్టం కిందికి దోపింది. జిప్పు చప్పుడు లేకుండా పడింది.

"సూసేవా? సర్దుకోడం తెలీక కోసేత్తానంటావు" అంది.

ఆయన చూడలేదు. ఆయన అవతలి వైపు ఉన్నాడు. ఆ తర్వాత కూడా ఏ సాయంత్రమూ చూడలేదు. ఎవరి వైపు పని వాళ్లది. ఆ మూల ఎలా ఒదుగుతుందో ఆవిడకి తెలుసు, నాకు తెలుసు, ఇంకెవరికీ తెలీదు.

తాతారావుకి ఒక జబ్బు ఉంది. నీళ్లలో చేప ఎగిరిన చప్పుడు వినపడితే చాలు, మెడ అటు తిరిగిపోతుంది. వలలు మానేసినా ఆ మెడ మానలేదు. ఒకనాడు గొట్టం సగం దారిలో ఉండగా ఎక్కడో చేప ఎగిరింది. ఆయన చెయ్యి వదిలేశాడు. గొట్టం పోయి రత్నం వేళ్ల మీద పడింది. చూపుడు వేలి గోరు నల్లబడిపోయింది. ఆవిడ తిట్టిన తిట్లు ఇక్కడ చెప్పడం బాగుండదు. అవతలి గట్టు మీద, నది దాటించే పంటు కోసం నిలబడ్డవాళ్లు కూడా విని నవ్వుకున్నారు. ఆ రోజు నుంచి గొట్టం కదిపే ముందు తాతారావు ఒక మాట అడిగి తీరేవాడు.

"పట్టేవా?"

"పట్టేను మావా, నువ్వొదిలేకు."

ఇది వాళ్లకి మంత్రమైపోయింది. మొగుడూ పెళ్లాలన్నాక మాటలు లేని రోజులుంటాయి కదా, వాళ్లకీ ఉండేవి. పొద్దుటి నుంచి ఆయన ఇంజను దగ్గర, ఆవిడ బోటు ముందు కొస దగ్గర, ఇద్దరి మధ్యా బోటు నిండా యాత్రికులు. మూతి ముడుపులతోనే రోజు గడిచిపోయేది. కానీ సాయంత్రం నన్ను మడవాలి. మడవాలంటే అడగాలి, అడిగితే చెప్పాలి. ఆయన గొంతు సవరించుకుని ముభావంగా "పట్టేవా?" అనేవాడు. ఆవిడ ఎటో చూస్తూ "పట్టేను" అనేసి, కాసేపాగి, "నువ్వొదిలేకు" అనేది. ఆ రెండో మాటతో గొడవ అయిపోయేది. ఎన్ని తగాదాలు తెంపానో లెక్కే లేదు, నన్ను పెద్దమనిషి అన్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

ఇంకో నియమం ఉండేది. తడిగా ఉన్నప్పుడు నన్ను మడవకూడదు. వాన వెలిశాక ఎంత ఆలస్యమైనా నేను ఆరేదాకా రత్నం రేవు మెట్ల మీద కూర్చునేది. తడి గుడ్డ మడిస్తే లోపల్లోపల మురిగిపోతుందని, పైకి తెలియదని ఆవిడ అందరికీ చెప్పేది, అడగని వాళ్లకి కూడా.

ఆ నియమం తప్పింది ఒక్కసారే.

అది ఎండాకాలం. పొద్దుటి నుంచి రత్నం ఎడమ చెయ్యి రుద్దుకుంటూనే ఉంది. ఏమైందని మొగుడు అడిగితే, "రెక్క లాగేత్తంది, సరిగ్గా పడుకోలేదు, అంతే" అంది. మధ్యాహ్నం ట్రిప్పు నుంచి తిరిగొస్తుంటే సముద్రం వైపు నుంచి మబ్బు కమ్మి, వాన కొట్టింది. జనమంతా నా కిందికి చేరిపోయారు. నేను చెయ్యగలిగినంత చేశాను. రేవుకి వచ్చేసరికి వాన తగ్గింది గానీ గాలి లేచింది. యాత్రికులు దిగి పరుగు తీశారు.

"ఇయ్యాల్టికి ఇలాగే ఉంచేద్దాం రత్నం. తడిసి ముద్దయిపోయింది" అన్నాడు తాతారావు.

"ఉంచేత్తే ఈ గాలికి బోటునే లాక్కుపోద్ది. రా, ఆ పక్క పట్టు."

"తడిది మడవకూడదని నువ్వే కదా అంటావు?"

"ఒక్క రాత్రికి ఏం కాదు. పొద్దున్నే విప్పేసి ఆరేద్దాం. మర్చిపోకు మావా, పొద్దున్నే."

కొక్కేలు విప్పారు. ఎప్పటిలాగే ఆయన అడిగాడు, పట్టేవా అని. జవాబు వెంటనే రాలేదు. నా అంచు మీద ఆవిడ వేళ్లు వణుకుతున్నాయి. నాకు తెలుస్తూనే ఉంది. ఆయనకి ఆవిడ మొహం కనపడటం లేదు, మధ్యలో నేనే అడ్డం. ఊపిరి కూడదీసుకున్నట్టు ఆగి, "పట్టేను మావా, నువ్వొదిలేకు" అంది. గొట్టం వెనక్కి వచ్చింది. నన్ను బయటికి లాగారు, దువ్వారు, మడిచారు. మూల దగ్గర ఆవిడ చేతికి బలం చాలలేదు. అయినా వదల్లేదు. లోపలికి తిప్పి, అడ్డంగా మడిచి, చుట్టి దోపింది. సంచి తొడిగింది. నాకు చీకటి పడింది. తాడు బిగిసిన చప్పుడు విన్నాను. ఆవిడ మెట్ల మీదికి వెళ్లి కూర్చుంది. కాసేపటికి "రత్నం! ఏయ్ రత్నం!" అని ఆయన గొంతు, ఎవరెవరో పరుగెత్తుకొచ్చిన అడుగులు, ఆటో చప్పుడు.

నేను పొద్దున్న కోసం ఎదురుచూశాను. తడి గుడ్డకి పొద్దున్న అంటే ఎంతో మీకు తెలీదు. తెల్లారింది, ఎవరూ రాలేదు. రేవులో జనం మాట్లాడుకుంటుంటే తెలిసింది. ఆసుపత్రికి తీసుకెళ్లే దారిలోనే అయిపోయిందట. నాకు ఏడుపు వచ్చింది. గుడ్డకి ఏడుపేంటంటారేమో, అప్పటికే తడిసి ఉన్నాను కదా, ఎవరికి తెలుస్తుంది?

కర్మలన్నీ అయిపోయాక తాతారావు బోటు దగ్గరికి వచ్చాడు. ఇంజను చూశాడు, బోటులో చేరిన నీళ్లు తోడాడు. చివరికి నా దగ్గరికి వచ్చి సంచి మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి ముడి దాకా వచ్చి ఆగింది. విప్పుతాడు, ఇంకాసేపట్లో ఎండ తగులుతుందని నేను ఆశగా ఉన్నాను. ఆయన ముడిని తడిమి చూసి, వేళ్లు వెనక్కి తీసుకున్నాడు. రత్నం ఆఖరిసారి వేసిన ముడి అది. లోపల ఉన్నవి రత్నం ఆఖరిసారి వేసిన మడతలు. విప్పితే అవి పోతాయి.

ఆ రోజు నుంచి ఆయన నన్ను విప్పలేదు.

టాపు లేని బోటు ఎండాకాలంలో ఎవరు ఎక్కుతారు? యాత్రికులు వచ్చి, పైన ఏమీ లేకపోవడం చూసి, పక్క బోటుకి వెళ్లిపోయేవారు. ఎక్కిన ఒకరిద్దరూ గొడుగులు తెరుచుకుని, సంచిలో ఉన్న టాపు ఎందుకు వెయ్యవయ్యా అని అడిగితే, పాడైపోయిందండీ అనేవాడు. అప్పటికి నేను పాడవలేదు. ఆయన అన్నాకే మెల్లగా పాడవడం మొదలుపెట్టాను. నెత్తి మీద తువ్వాలు వేసుకుని, మొహం మాడిపోయి, సాయంత్రం ఖాళీ బోటులో నా పక్కనే కూర్చునేవాడు. సంచి మీద చెయ్యి వేసి, ఆ రోజు ఎవరెక్కారో, నది ఎలా ఉందో, చేప ఎక్కడ ఎగిరిందో చెప్పేవాడు. రత్నంతో చెప్పుకుంటున్నాడు. నేనేమో లోపల బూజు పట్టిపోతున్నాను.

మనుషుల్ని చూస్తే నాకు జాలేస్తుంది. దాచుకుంటే పోదనుకుంటారు. ఆయన చెయ్యి వేసిన చోట పైన వెచ్చగా ఉండేది, దాని కిందే నా నరాలు ఒక్కొక్కటే కుళ్లిపోయేవి. విప్పవయ్యా బాబూ, ఆవిడే విప్పమంది కదా అని ఎంత మొత్తుకున్నానో. మీతో ఇంత సేపు మాట్లాడుతున్నదాన్ని, ఆయనకి ఒక్క ముక్క వినిపించలేకపోయాను. ఎండాకాలం పోయింది. వరదకి గోదావరి ఎర్రగా వచ్చి దిగిపోయింది. కార్తీకం వచ్చింది.

వాళ్లకి ఒక్కతే కూతురు, మంగతాయారు. అవతలి గట్టున సఖినేటిపల్లిలో ఇచ్చారు. ఒక ఆదివారం తండ్రికి కూర పట్టుకుని, పంటు ఎక్కి నది దాటి వచ్చింది. బోటులోకి కాలు పెట్టగానే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏంటి నాన్నా ఈ వాసన?"

"ఏం వాసన? నీళ్ల వాసన."

ఆ పిల్ల తల్లి కూతురు. వాసన పట్టుకుని సరాసరి నా దగ్గరికే వచ్చింది. సంచి నొక్కి చూసింది. లోపల నేను బురదలా నలిగాను.

"టాపు మురిగిపోయింది నాన్నా! అమ్మ పోయాక దీన్ని అసలు విప్పనే లేదా?"

"ముట్టుకోకు తాయారూ. అది మీ అమ్మ కట్టిన ముడి."

తాయారు చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత అన్న మాటకి నాకే గుండె ఆగింది.

"పొద్దున్నే విప్పమంది కదా అమ్మ? నువ్వే చెప్పావు. పలకరించడానికి వచ్చినోళ్లందరికీ చెప్పి చెప్పి ఏడ్చావు. మర్చిపోకు మావా అంది అని. ఆవిడ ఆఖరున అడిగింది అదొక్కటే. అదొక్కటీ చెయ్యలేదు నువ్వు."

తాతారావు తల దించుకున్నాడు.

"విప్పితే మళ్లీ ఎవరు మడుత్తారే?" అన్నాడు.

తండ్రీ కూతుళ్లు ఇద్దరూ అక్కడే కూలబడి ఏడ్చారు. పక్క బోటువాళ్లు చూసి, చూడనట్టు తాళ్లు సర్దుకున్నారు.

ఏడుపయ్యాక తాయారు లేచి, వెళ్లి ఎడమ వైపు నిలబడింది. తాతారావు చూశాడు. లేచి వచ్చి ముడి దగ్గర కూర్చున్నాడు. కత్తి అందుబాటులోనే ఉంది, ముట్టుకోలేదు. తడికి బిగిసిపోయిన ముడిని గోళ్లతో, పళ్లతో, ఓపిగ్గా విప్పాడు. సంచి తీశారు. ఇన్నాళ్లకి ఎండ తగిలింది, కానీ దాన్ని పట్టుకునే గుడ్డ నాలో మిగల్లేదు. తాయారు కంగారుగా మూల లాగేసింది. తల్లి దోపిన మడత అది, ఎవరూ చూడకుండానే విడిపోయింది. తాతారావు ముందు గొట్టం ఎత్తాడు. నేను మడత మడతకీ చిరిగిపోయాను. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. నానిన కాగితంలా ఊడిపోయాను. మధ్యలో సాపుగా ఉన్న చోట ఇంకా కాస్త గట్టిగా ఉన్నాను. ఆవిడ చెయ్యి పడిన చోటే, ఆవిడ ఒత్తి దువ్విన గీత మీదే చిరిగాను.

తాతారావు ఆ ముక్కల్ని తిప్పి తిప్పి చూశాడు. నల్లటి బూజు, తడి వాసన. ప్రతి మడతలోకీ వేళ్లు పెట్టి వెతికాడు.

"ఏవీ లేదే" అన్నాడు.

"ఏముంటుంది నాన్నా?" అంది తాయారు.

ఇన్నాళ్లూ ఆయన నాలో ఏముందనుకుని పక్కన కూర్చున్నాడో నాకు తెలుసు. ఆవిడ ఉందనుకున్నాడు. నేను మోసం చేశానేమో అనిపించింది.

నన్ను మూట కట్టి పాలకొల్లు తీసుకెళ్లారు. మీరావలీ సాయిబు గారు బాగా ముసలైపోయారు గానీ, కళ్లజోడు అదే చోట ఉంది. పుట్టింటికి ఇలా రావలసి వచ్చినందుకు సిగ్గుపడ్డాను. ఆయన నన్ను నేల మీద పరిచి, రెండు వేళ్లతో నలిపి చూసి పెదవి విరిచారు.

"దీనికి అతుకు ఆగదు తాతారావూ. సూది గుచ్చితే అక్కడే ఊడిపోతుంది. కొలతకి ఉంచు, కొత్తది కుట్టేస్తాను." మోకాళ్ల మీద వంగి నా చుట్టూ టేపు తిప్పుతూ, ఎడమ మూల దగ్గర ఆగారు. "అరే, ఇక్కడ గుడ్డ ఎక్కువ వదిలేశానే! ఇన్నేళ్లు ఎలా మడిచారయ్యా దీన్ని? పోన్లే, ఈసారి సరిచేసేస్తాను."

"వద్దు సాయిబు గారూ" అన్నాడు తాతారావు.

"వద్దేంటి? జిప్పుకి అడ్డం పడుతుంది."

"పడనీండి. రత్నం సర్దుకుంది దాన్ని. అలాగే ఉండనీండి."

సాయిబు గారు కళ్లజోడు పైనుంచి ఆయన్ని చూశారు. సుద్దముక్కతో అలాగే గీశారు, అవకరంతో సహా. పనయ్యాక నా ఒంట్లో గట్టిగా మిగిలింది ఆ మూల ఒక్కటే. పుట్టినప్పుడు గుడ్డ మీద గుడ్డ వేసి మైనం దారంతో బిగించిన చోటు కదా, బూజు దాన్లోకి పళ్లు దింపలేకపోయింది. ఆయన ఆ మూలని కత్తిరించి ఇచ్చారు, ఇంజను తుడుచుకోవడానికి ఉంటుందని. మిగతా నేను కొట్టు వెనక చెత్తలో కలిసిపోయాను. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది ఆ మూల ముక్కే. గొట్టాలు మాత్రం కొత్త గుడ్డతో కాపురం మొదలుపెట్టాయి. ముందే చెప్పాను, వాటికి సొంత తెలివి లేదని.

కొత్తది నీలంగా, నిగనిగలాడుతూ ఉంది. జనం మళ్లీ ఎక్కుతున్నారు. అబ్బ, ఎంత చల్లగా ఉందో అంటున్నారు. కానీ సాయంత్రమయ్యేసరికి తాతారావు మొహంలో నెత్తుటి చుక్క ఉండదు. పక్క బోటువాళ్లు ఓ చెయ్యి వెయ్యమంటారా అని వస్తారు. వద్దంటాడు. కుడి వైపు గొట్టాన్ని తాడుతో కట్టి, తాను ఎడమ వైపుకి వెళ్లి లాగి, మళ్లీ కుడి వైపుకి పరుగెత్తి, ఒక్కడే ఇద్దరి పని చేస్తాడు. అంతా ఎలాగో అవుతుంది. ఆ మూల దగ్గరే ఆగిపోతుంది. తిప్పుతాడు, మడుస్తాడు, కుక్కుతాడు, జిప్పు ఇరుక్కుంటుంది. ఇన్నేళ్లు ఎదురుగా నిలబడి ఆవిడ ఏం చేస్తోందో ఒక్కసారి చూడలేదని అప్పుడు తెలిసొచ్చింది ఆయనకి.

"ఎలా సేసేదానివే రత్నం?" అన్నాడు ఒక సాయంత్రం, జిప్పు వదిలేసి.

చేతికి అంటిన ఇంజను మడ్డి తుడుచుకుందామని నన్ను తీశాడు. తుడుచుకుని, అలవాటుగా మోకాలి మీద పరిచాడు. ఇన్నేళ్లు ఒకే చోట మడిచిన కిత్తానుకి ఆ గీత పోదు. మీరు ఎంత సాపు చేసినా, వదిలేస్తే పాత దారిలోనే పోతుంది. నాకు మాట లేదు గానీ గీత ఉంది. నేను ఆయన మోకాలి మీద మెల్లగా లోపలికి ఒరిగాను.

ఆయన చెయ్యి ఆగింది. వంగి చూశాడు. ఆ గీత మీద వేలు పెట్టి లోపలికి ఒక తిప్పు తిప్పాడు. దాని పక్కనే అడ్డంగా ఇంకో గీత, దాని మీద మడిచాడు. మూడో గీత దానంతటదే చుట్టుకుంది. అరచేతిలో నేను కిళ్లీలా ముడుచుకుని కూర్చున్నాను. ఆయన నన్ను చాలా సేపు చూశాడు. విప్పి, మళ్లీ మడిచాడు. మళ్లీ విప్పి, మళ్లీ మడిచాడు. కళ్లలోంచి కారిపోతున్న నీళ్లని తుడుచుకోలేదు.

లేచాడు. నన్ను భుజం మీద వేసుకున్నాడు. ఎడమ వైపుకి వెళ్లి, రత్నం నిలబడే చోట నిలబడి, కొత్త గుడ్డ మూలని లోపలికి తిప్పి, అడ్డంగా మడిచి, చుట్టి, గొట్టం కిందికి దోపాడు. జిప్పు చప్పుడు లేకుండా పడింది. తాడు ముడి వేశాడు. ఆ పక్క నుంచి ఆయన బోటుని చూడటం అదే మొదలు. ఎదురుగా కుడి వైపు, తాను ఇన్నేళ్లు నిలబడిన చోటు ఖాళీగా ఉంది. దూరంగా ఎక్కడో చేప ఎగిరిన చప్పుడైంది. ఆయన మెడ తిప్పలేదు. ఆ ఖాళీ చోటు వైపే చూస్తూ, ఎవరో అడిగితే జవాబు చెబుతున్నట్టు అన్నాడు:

"పట్టేను మావా, నువ్వొదిలేకు."